మన దారికి లైట్ రైల్ సరిపోతుందా? లెక్కలు వేసి తేల్చుకునే పద్ధతి, కేఆర్ పురం–హోస్కోట ఉదాహరణతో

బెంగళూరు తూర్పు వైపు ఉండే మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఈ చర్చ తరచూ వస్తుంటుంది. హోస్కోట దాకా మెట్రో ఎప్పుడొస్తుంది అని ఒకరు అడుగుతారు, మెట్రోకి అంత ఖర్చయితే ట్రామ్ లాంటిది వేయొచ్చు కదా అని ఇంకొకరు అంటారు, యూరప్ వీడియో ఒకటి పడుతుంది, అక్కడితో చర్చ ఆగిపోతుంది. ఆగిపోకుండా ముందుకు తీసుకెళ్లడానికే ఇది రాస్తున్నాను. నలుగురు మనుషులు, రెండు మూడు వారాల ఉదయాలు, సాయంత్రాలు, ఒక టేపు, ఒక ఎక్సెల్ షీటు ఉంటే మీ దారికి లైట్ రైల్ పనికొస్తుందో లేదో ప్రాథమికంగా తేల్చుకోవచ్చు. ఇది డీపీఆర్‌కి, అంటే నిపుణులు తయారుచేసే వివరమైన ప్రాజెక్టు నివేదికకి, బదులు కాదు. కానీ ఈ లెక్క ఒకసారి సొంతంగా వేసినవాళ్లు రేపు ఏ డీపీఆర్ వచ్చినా అందులో ఏ పేజీ చూడాలో, ఏం అడగాలో తెలుసుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లైట్ రైల్ చౌకగా పడటానికి ప్రధాన కారణం అది నేల మీద నడవడం. రోడ్డులో కొంత భాగం దానికి పూర్తిగా వదిలేసి, సిగ్నల్ దగ్గర దాన్ని ముందు పోనిస్తేనే అది పనిచేస్తుంది. స్తంభాల మీదకి ఎక్కించారంటే మెట్రో ఖర్చులో చాలా భాగం పెట్టి మెట్రో కంటే తక్కువ మందిని మోసే బండిని కొన్నట్టే. కాబట్టి ఈ లెక్కంతా చివరికి రోడ్డులో జాగా ఎవరు వదులుకుంటారు అన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది. మిగతా అడుగులన్నీ ఆ ప్రశ్నకి సిద్ధం కావడానికి.

మొదలుపెట్టే ముందు: ఏది ఏమిటి

లైట్ రైల్ అంటే రోడ్డులోనే తనకంటూ వేరే దారి ఉన్న తేలికపాటి రైలు. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా నడిచిన ఎలక్ట్రిక్ ట్రాములకి ఇది కొత్త తరం అనుకోవచ్చు, తేడా ఏంటంటే ఇప్పటి రైళ్లు పొడవు, ఎక్కేచోటు నేలకి దగ్గరగా ఉంటుంది, మామూలు ట్రాఫిక్‌తో కలిసి నడవవు. మన దేశంలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ దీనికి మెట్రోలైట్ అని పేరు పెట్టి 2019లో ప్రమాణాలు విడుదల చేసింది. మూడు పెట్టెల రైలు, ఒక్కో రైల్లో సుమారు 300 మంది, గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు, ఆగుతూ సాగుతూ సగటున 25 కిలోమీటర్లు. గంటకి ఒక దిశలో 15,000 మంది దాకా ఉండే దారులకి ఇది అని చెప్పారు, ఖర్చు మామూలు మెట్రోలో 40 శాతం దాకా అవుతుందన్నారు. 2020లో మెట్రో నియో అని ఇంకొకటి వచ్చింది, అది రబ్బరు టైర్ల మీద పైన కరెంటు తీగతో నడిచే పొడవాటి బస్సు, గంటకి ఒక దిశలో 8,000 మంది దాకా ఉండే దారులకి సరిపోతుంది.

గంటకి ఒక దిశలో ఎంతమంది, అదీ అత్యంత రద్దీగా ఉండే చోట, అత్యంత రద్దీగా ఉండే గంటలో: ఈ ఒక్క సంఖ్య మీదే అంతా నడుస్తుంది. ఇంజనీర్లు దీన్ని పీహెచ్‌పీడీటీ అంటారు. మీరు రోడ్డెక్కి తేల్చాల్సింది ఇదే.

అడుగు 1: దారి ఒక్కటే ఎంచుకోండి

"తూర్పు బెంగళూరుకి లైట్ రైల్" అంటే లెక్క కుదరదు. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తేలాలి. నేను కేఆర్ పురం నుంచి హోస్కోట దాకా పాత మద్రాసు రోడ్డు తీసుకుంటున్నాను, సుమారు 15 కిలోమీటర్లు. ఎందుకంటే కేఆర్ పురం దగ్గర మెట్రో పర్పుల్ లైన్ ఉంది, సిల్క్ బోర్డు నుంచి ఎయిర్‌పోర్టు వెళ్లే బ్లూ లైన్ కూడా తెరిచాక అక్కడే కలుస్తుంది. అటు చివర హోస్కోటలో ఫ్యాక్టరీలు, గోదాములు, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యే చోటు, ఆ పైన నరసాపుర పారిశ్రామిక ప్రాంతం ఉన్నాయి. మధ్యలో బూదిగెరె క్రాస్ చుట్టూ అపార్టుమెంట్లు. ఇంకో ముఖ్యమైన సంగతి, పాత రైలు మార్గం వైట్‌ఫీల్డ్ నుంచి మాలూరు వైపు తిరిగిపోతుంది, హోస్కోట ఊరు దాని మీద లేదు. అంటే లోకల్ రైళ్లు పెంచండి అని అడిగితే ఈ దారికి తీరే సమస్య కాదు.

మీ దారి సర్జాపూర్–అత్తిబెలె కావచ్చు, చందాపుర–ఆనేకల్ కావచ్చు. ఎంచుకునేటప్పుడు రెండు కొసల్లోనూ జనానికి పని ఉందా అని చూడండి. ఒక కొసలో ఇళ్లు మాత్రమే, ఇంకో కొసలో ఆఫీసులు మాత్రమే ఉంటే పొద్దున రైళ్లు ఒకవైపు కిక్కిరిసి, వెనక్కి ఖాళీగా వస్తాయి. హోస్కోట దారిలో నాకు నచ్చిందే ఇది: పొద్దున ఊళ్లోకి వచ్చేవాళ్లు వస్తుంటే, ఫ్యాక్టరీలకి అటు వెళ్లేవాళ్లు అటు వెళ్తుంటారు.

అడుగు 2: తలలు లెక్కపెట్టండి

చాలామంది ఇక్కడ వాహనాలు లెక్కపెడతారు. మనకి కావలసింది మనుషులు. ఒక కారులో ఒకరిద్దరు, ఒక బస్సులో అరవై మంది, రెండింటినీ "ఒక వాహనం" అని రాస్తే లెక్క తలకిందులవుతుంది.

మంగళ, బుధ, గురువారాలు తీసుకోండి. సోమవారం పొద్దున, శుక్రవారం సాయంత్రం ఈ రోడ్డు వేరేలా ఉంటుంది, తిరుపతి, చిత్తూరు, మదనపల్లె బస్సులు, సొంతూరికి పోయే కార్లు అన్నీ కలిసి వస్తాయి. అవన్నీ మన లైను దాటి ఎక్కడికో వెళ్లే ప్రయాణాలు, లైట్ రైల్‌కి ఒక్క టికెట్టు కూడా ఇవ్వవు. మామూలు రోజుల్లో కూడా ఏపీఎస్‌ఆర్టీసీ బస్సులు, దూరం వెళ్లే ప్రైవేటు బస్సులు విడిగా రాసుకుని తీసేయండి. పరీక్షల రోజులు, పండగ వారాలు, వాన కుండపోతగా పడిన రోజులు వదిలేయండి.

పొద్దున 7:30 నుంచి 10:30, సాయంత్రం 5:00 నుంచి 8:30. ఒక చోటు ఎంచుకోండి, అది బస్సులు అన్నింటికంటే నిండుగా ఉండే చోటై ఉండాలి. ఫుట్‌పాత్ మీద గానీ, పాదచారుల వంతెన మీద గానీ నిలబడండి, డివైడర్ మీద మాత్రం వద్దు. ఒకరు బస్సులు, ఒకరు కంపెనీ బస్సులు, టెంపో ట్రావెలర్లు, ఒకరు కార్లు, ఆటోలు, ఒకరు బైకులు. 15 నిమిషాలకొకసారి గీత గీసి కొత్త వరుస మొదలుపెట్టండి, రద్దీ గంట ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతోందో అప్పుడే కనబడుతుంది. చెయ్యి తిరగకపోతే ఫోన్ స్టాండుకి పెట్టి వీడియో తీసి ఇంటికెళ్లి నెమ్మదిగా లెక్కపెట్టుకోండి.

బస్సులో ఎంతమంది ఉన్నారో కదిలే బస్సు చూసి చెప్పడం కష్టం. అందుకని ఐదు మెట్లు పెట్టుకోండి: ఖాళీ, సగం సీట్లు, సీట్లు నిండాయి, నిలబడ్డారు, తలుపు దగ్గర వేలాడుతున్నారు. మామూలు బీఎంటీసీ (బెంగళూరు సిటీ) బస్సులో 40 సీట్ల దాకా ఉంటాయి కాబట్టి వరుసగా 10, 20, 40, 55, 70 అని వేసుకుంటే ప్రాథమిక లెక్కకి చాలు.

కంపెనీ బస్సుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. నరసాపుర, హోస్కోట వైపు షిఫ్టు మారే వేళల్లో అవే రోడ్డుని నింపేస్తాయి. ఆ షిఫ్టులు మన రద్దీ గంటల్లో పడకపోవచ్చు, అందుకని ఒక రోజు తెల్లవారుజామున, ఒక రోజు మధ్యాహ్నం కూడా ఒక గంట చొప్పున లెక్కపెట్టండి.

దీనితో పాటు బస్‌స్టాపుల్లో మనుషులతో మాట్లాడండి. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడ దిగుతారు, ఎన్ని బస్సులు మారతారు, స్టాపు దాకా ఎంతసేపు నడిచారు, రోజుకి ఎంత ఖర్చవుతుంది. ఈ ఐదు చాలు. ఈ వైపు కన్నడ, తెలుగు రెండూ నడుస్తాయి, హిందీ మాట్లాడేవాళ్లూ ఎక్కువే, మీ జట్టులో మూడూ వచ్చినవాళ్లు ఒకరు ఉంటే మంచిది.

అడుగు 3: వాళ్లలో ఎవరు రైలెక్కుతారు

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇవి నేను పద్ధతి చూపడానికి వేసుకున్న అంకెలు, ఈ రోడ్డు మీద కొలిచినవి కావు. మీ అంకెలు మీరు పెట్టుకోవాలి.

రద్దీ గంటలో ఒక దిశలో బీఎంటీసీ బస్సులు 60, సగటున 45 మంది, అంటే 2,700. కంపెనీ బస్సులు 80, సగటున 25, అంటే 2,000. కార్లు 1,500, ఒక్కో దానిలో 1.4 చొప్పున 2,100. బైకులు 2,500, 1.3 చొప్పున 3,250. ఆటోలు 300, ఇద్దరేసి, 600. మొత్తం 10,650 మంది. ఇది చూసి ఉత్సాహపడి "పదివేల మంది ఉన్నారు, రైలు కావాల్సిందే" అనేస్తారు. ఆగండి. బస్సువాళ్లలో 80 శాతం, కంపెనీ బస్సులవాళ్లలో 30, కార్లలో 10, బైకుల్లో 15, ఆటోల్లో 20 శాతం మారతారనుకుంటే తేలేది సుమారు 3,580.

బైకులకి 15 శాతమే ఎందుకు? సమయం లెక్క చూడండి. సగటు 25 కిలోమీటర్ల వేగంతో 15 కిలోమీటర్లకి రైల్లో 36 నిమిషాలు, దానికి ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఆఫీసుకి నడక, ఎదురుచూపు కలిపితే గంట. బైకు మీద సందుల్లోంచి దూరి వెళ్లేవాడికి అంతసేపు పట్టదు. వాన, పొగ, నడుం నొప్పి, పెట్రోలు ఖర్చు, ఇవి కొందరిని మారుస్తాయి, అందరినీ కాదు.

ఇంకా ఒక లెక్క బెంగళూరుకి ప్రత్యేకం. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో నివాసం ఉన్న మహిళలకి మామూలు బస్సుల్లో టికెట్టు లేదు. రోజూ ఉచితంగా వెళ్తున్న అమ్మ, అక్క డబ్బు కట్టి రైలెక్కుతుందా? గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లే ఆవిడకి నెలకి వెయ్యి రూపాయలు చాలా పెద్ద మొత్తం. మన ఊళ్ల నుంచి వచ్చి ఇంకా ఆంధ్రా అడ్రసు ఆధార్ మీదే ఉన్నవాళ్లకి ఆ సదుపాయం రాదు, వాళ్లు ఇప్పుడే టికెట్టు కొంటున్నారు కాబట్టి వాళ్ల నిర్ణయం వేరేలా ఉండొచ్చు. సర్వేలో ఆడవాళ్లని విడిగా అడగండి, ఉచిత టికెట్టా, కొన్నదా అని రాసుకోండి. రైల్లో కూడా ఉచితం ఇస్తే ఎంతమంది, ఇవ్వకపోతే ఎంతమంది అని రెండు వరుసలుగా లెక్క ఉండాలి. 2025 ఫిబ్రవరిలో మెట్రో చార్జీలు పెరిగి గరిష్ఠ టికెట్టు 60 నుంచి 90 రూపాయలకి చేరాక, చార్జీ లెక్కని పక్కన పెట్టి ప్రయాణికుల అంచనా వేయడం కుదరదు.

పెరుగుదల: ఏడాదికి 4 శాతం చొప్పున 20 ఏళ్లు పెరిగితే 3,580 కాస్తా సుమారు 7,800 అవుతుంది. 2 శాతంతో, 6 శాతంతో కూడా వేసి చూడండి. ఒకే అంకె పట్టుకుని కూర్చోవద్దు.

అడుగు 4: ఎన్ని రైళ్లు, ఎంత ఎడం

300 మంది రైళ్లతో 7,800 మందిని మోయాలంటే గంటకి 26 రైళ్లు. అంటే రెండు నిమిషాల 18 సెకన్లకి ఒకటి. కాగితం మీద బాగానే ఉంది. కానీ అటు 26, ఇటు 26, మొత్తం గంటకి 52 సార్లు ప్రతి కూడలిలో రైలు దాటుతుంది, దాదాపు 70 సెకన్లకి ఒకసారి. ప్రతిసారీ రైలుకే పచ్చలైటు ఇస్తే అడ్డరోడ్డు కదలదు, ఇవ్వకపోతే రైలు కూడా బస్సులాగే సిగ్నల్‌లో నిలబడుతుంది. చాలా ప్రతిపాదనల్లో ఈ విషయం వెనక పేజీల్లో ఉంటుంది.

దీనికి మార్గం రైలు పొడవు పెంచడం. రెండు రైళ్లు జత చేసి 600 మందిని ఎక్కించుకుంటే గంటకి 13 చాలు, నాలుగున్నర నిమిషాలకి ఒకటి. అయితే ప్లాట్‌ఫారాలు మొదటి రోజే ఆ పొడవుకి కట్టాలి. బెంగళూరు నమ్మ మెట్రో మూడు పెట్టెలతో మొదలై తర్వాత ఆరుకి మారగలిగింది అంటే స్టేషన్లు ముందే ఆరుకి సరిపడా కట్టారు కాబట్టే. డీపీఆర్ ఏదైనా చేతికొస్తే ప్లాట్‌ఫారం పొడవు ఎంత అని మొదట వెతకండి.

ఇదే లెక్క తిప్పి చూస్తే ఇంకోటి కనబడుతుంది. ఈ రోజు అంకె 3,580 అయితే, నిమిషానికి ఒక బస్సు, 60 మందితో, గంటకి 3,600. అంటే ఈ రోజు అవసరాన్ని ప్రత్యేక లేను ఉన్న బస్సులే మోసేస్తాయి. రైలు అవసరం పదేళ్ల తర్వాతదా, ఇప్పటిదా అన్నది ఇక్కడ తేలుతుంది.

అడుగు 5: టేపు పట్టుకుని రోడ్డు కొలవండి

నాకు అన్నింటికంటే ముఖ్యం అనిపించే అడుగు ఇది, మనవాళ్లు అన్నింటికంటే ఎక్కువగా వదిలేసేది కూడా ఇదే.

జంట పట్టాలకి 7 నుంచి 8 మీటర్లు కావాలి. స్టేషన్ ఉన్నచోట ప్లాట్‌ఫారానికి ఇంకో 3, 4 మీటర్లు. రోడ్డు 30 మీటర్లుందనుకోండి, పట్టాలకి 8 తీస్తే 22, రెండువైపులా రెండున్నర మీటర్ల ఫుట్‌పాత్ తీస్తే 17. ఒక లేను మూడున్నర మీటర్లు కాబట్టి అటు రెండు, ఇటు రెండు లేన్లు మిగులుతాయి, పార్కింగ్‌కి చోటుండదు. స్టేషన్ దగ్గర అదీ ఇరుకే. 24 మీటర్లున్న చోట ఫుట్‌పాత్ వదలకుండా పట్టాలు పట్టించాలంటే కార్లకి అటొకటి ఇటొకటే లేను.

ప్రతి అర కిలోమీటరుకి ఒకసారి కొలవండి, ముఖ్యంగా ఇరుకైన చోట్ల. గూగుల్ మ్యాప్స్ కొలతతో మొదలుపెట్టి, ఇరుకు అనిపించినచోటికి వెళ్లి టేపుతో సరిచూసుకోండి. కొలిచేటప్పుడు రాసుకోవాల్సినవి: సర్వీస్ రోడ్డు ఉందా, డ్రైను ఎక్కడ, ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడ, పెద్ద చెట్లు ఎన్ని, గుడి గానీ మసీదు గానీ రోడ్డు అంచున ఉందా, ఎన్ని యూటర్న్‌లు, ఎన్ని అడ్డరోడ్లు. ప్రతి యూటర్న్ ఒక కూడలి కిందే లెక్క. వాటిలో ఎన్ని మూసేస్తే ఎవరు ఒప్పుకుంటారు అన్నది తర్వాత అసలు గొడవ అవుతుంది.

వంపులు, ఎత్తులు కూడా చూడండి. లైట్ రైల్ 25 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు కూడా తిరగగలదు, 6 శాతం దాకా ఎత్తు ఎక్కగలదు, మెట్రోకి ఆ సౌలభ్యం లేదు. కానీ ఇప్పటికే ఉన్న ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, కేఆర్ పురం కేబుల్ వంతెన (హ్యాంగింగ్ బ్రిడ్జ్) దగ్గర చిక్కు వస్తుంది. ఆ వంతెన 2003లో తెరిచింది, రైలు బరువుకి కట్టలేదు. అక్కడ లైను వంతెన ముందే ఆగి ప్రయాణికులు మెట్రో స్టేషన్‌కి నడవాలా, లేక వేరే వంతెన కట్టాలా? నడవాల్సి వస్తే ఎన్ని మీటర్లు, నీడ ఉందా, మెట్లా ఎస్కలేటరా? చెన్నైలో బీచ్–వేళచ్చేరి ఎమ్మార్టీఎస్ (లోకల్ రైలు లైను) చాలావరకు ఎత్తు మీద కట్టిన మంచి దారి, అయినా చాలా ఏళ్లు స్టేషన్లు బస్సులతో సరిగ్గా కలవక జనం అనుకున్నంత రాలేదు. కలిసే చోటు బాగా లేకపోతే లైను ఎంత బాగున్నా ఫలితం ఉండదు.

నేల కింద ఏముందో కూడా తెలుసుకోవాలి. కావేరి నీళ్ల పైపులు, మురుగు లైన్లు, కరెంటు కేబుళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ కేబుళ్లు. పట్టాల కింద వీటిని ఉంచితే రిపేరు వచ్చిన ప్రతిసారీ రైలు ఆపాలి, కాబట్టి ముందే జరపాలి. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరా ట్రామ్ కథ ఇందుకే చదవాలి: 37.5 కోట్ల పౌండ్ల అంచనాతో మొదలై 77.6 కోట్లకి చేరింది, కొన్నేళ్లు ఆలస్యంగా 2014లో తెరిచారు, అది కూడా మొదట అనుకున్నదానికంటే చిన్న లైనుతో. కాంట్రాక్టు తగాదాలతో పాటు, తవ్వితే అనుకోని పైపులు బయటపడటం పెద్ద కారణం. మన రోడ్ల కింద ఏముందో ఎవరి దగ్గరా పూర్తి మ్యాపు ఉండదు అనుకునే లెక్క వేయండి.

డిపో మర్చిపోవద్దు. రైళ్లు కడగడానికి, బాగుచేయడానికి, రాత్రి నిలపడానికి పదెకరాలో అంతకు మించో లైనుకి ఆనుకుని కావాలి. హోస్కోట వైపు భూమి ధరలు చూస్తే ఇదే పెద్ద ఖర్చుల్లో ఒకటి అవుతుంది.

అడుగు 6: వేరే మార్గాలతో నిజాయితీగా పోల్చండి

2017 మెట్రో రైల్ విధానం ప్రకారం కేంద్రం సాయం అడగాలంటే ప్రత్యామ్నాయాల విశ్లేషణ తప్పనిసరి. బస్సు లేను, మెట్రోలైట్, మెట్రో, అన్నీ ఒకే దారికి ఒకే కొలమానంతో పోల్చాలి. ముందు ఏది కావాలో నిర్ణయించుకుని తర్వాత పట్టిక నింపితే ఆ విశ్లేషణకి విలువ లేదు.

మనకి దగ్గర్లోనే ఉదాహరణలున్నాయి. 2019లో ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు–కేఆర్ పురం మధ్య బస్సులకి ప్రత్యేక లేను పెట్టారు, బస్సులు వేగంగా కదిలాయి, తర్వాత మెట్రో పనులు మొదలయ్యాక ఆ లేను పోయింది. హుబ్బళ్లి–ధారవాడ మధ్య బీఆర్టీఎస్, అంటే బస్సులకే ప్రత్యేక దారి ఉన్న ఏర్పాటు, ఉంది, వెళ్లి చూసి రావచ్చు. నేను గట్టిగా నమ్మేది: లైట్ రైల్ అడిగే ఊరు ముందు అదే రోడ్డు మీద అదే వెడల్పులో బస్సు లేను పెట్టి ఏడాది నిలబెట్టి చూపించాలి. ఖర్చు తక్కువ, ఎంతమంది మారతారో నిజంగా తెలుస్తుంది, జాగా వదలడానికి రోడ్డు మీది జనం ఒప్పుకుంటారో లేదో కూడా తెలుస్తుంది. పెయింటు గీసిన లేనునే కాపాడలేకపోతే పట్టాల్ని కాపాడటం ఇంకా కష్టం.

అడుగు 7: డబ్బు

నమ్మ మెట్రో మూడో దశ 44.65 కిలోమీటర్లు, 2024 ఆగస్టులో కేంద్రం 15,611 కోట్లకి ఆమోదించింది, అంటే కిలోమీటరుకి దాదాపు 350 కోట్లు. అందులో 40 శాతం వేసుకుంటే మెట్రోలైట్‌కి 140 కోట్లు, 15 కిలోమీటర్లకి 2,100 కోట్లు. అదే దూరం మెట్రోకి 5,250 కోట్లు.

ఇప్పుడు అడుగు 5లో మీరు గుర్తించిన ఇరుకు చోట్లు తీసుకోండి. 5 కిలోమీటర్లు పైకి ఎక్కించక తప్పదు అనుకుందాం, అక్కడ ఖర్చు కిలోమీటరుకి 280 కోట్లు అని పెట్టుకుంటే 1,400, మిగతా పదికి 1,400, మొత్తం 2,800. ఇంకో 5 కిలోమీటర్లు ఎక్కిస్తే 3,500. స్తంభం మీదకి వెళ్లే ప్రతి కిలోమీటరు లైట్ రైల్ వాదనని బలహీనం చేస్తుంది. ప్రతిపాదన ఎవరిదైనా, నేల మీద ఎన్ని కిలోమీటర్లు అన్న ఒక్క ప్రశ్నతో దాని బలం తెలిసిపోతుంది.

నడిపే ఖర్చు వేరు. రద్దీ గంటలో ఒక దిశలో 3,580 అంటే రోజుకి సుమారు 60,000 మంది అనుకుందాం, సగటు టికెట్టు 25 రూపాయలైతే ఏడాదికి దాదాపు 55 కోట్లు. నడపడానికి, బాగుచేయడానికి కట్టిన ఖర్చు 2,800 కోట్లలో 3 శాతం అని స్థూలంగా వేసుకుంటే 84 కోట్లు. తేడా ఏటా 29 కోట్లు, ఎవరు ఇస్తారు? ప్రజా రవాణాకి ప్రభుత్వం డబ్బు పెట్టడం తప్పు కాదు, బస్సుకీ పెడుతోంది, పెట్టాలి కూడా. కానీ ఆ మాట మొదటి రోజే రాసి ఉండాలి. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో 2015లో 34 కిలోమీటర్ల లైట్ రైల్ 47.5 కోట్ల డాలర్లతో తెరిచారు, ఎక్కువ భాగం చైనా అప్పు. 41 రైళ్లు తెచ్చారు. టికెట్టు డబ్బులతో నిర్వహణ గడవక, విడిభాగాలు కొనడానికి విదేశీ డబ్బు లేక, కొన్నేళ్లకే ఎక్కువ రైళ్లు డిపోలో నిలిచిపోయాయి. కట్టడానికి అప్పు దొరుకుతుంది, బేరింగులు కొనడానికి దొరకదు.

కేంద్రం చూసే ఇంకో కొలమానం ఆర్థిక రాబడి రేటు, కనీసం 14 శాతం ఉండాలని 2017 విధానం చెబుతుంది. ఇది టికెట్టు లాభం కాదు. ఆదా అయిన సమయం, పెట్రోలు, తగ్గిన ప్రమాదాలు, పొగ, వీటన్నిటికీ డబ్బు విలువ కట్టి వేసే లెక్క. మనలాంటివాళ్లం దీన్ని పూర్తిగా వేయలేం, కానీ ఎవరైనా వేసినప్పుడు గంట సమయానికి ఎంత విలువ కట్టారో చూడండి, దాన్ని కొంచెం పెంచితే ఏ ప్రాజెక్టయినా పాసవుతుంది.

అడుగు 8: మీ లెక్కని మీరే విరగ్గొట్టి చూడండి

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యర్గ్, ఆయన సహచరులు చాలా దేశాల రైలు ప్రాజెక్టులు పరిశీలించి, ఖర్చు అంచనా కంటే సగటున 45 శాతం దాకా పెరిగిందని, ప్రయాణికులు అంచనాలో సగం మందే వచ్చారని తేల్చారు. కాబట్టి మీ షీట్లో ఇంకో పేజీ తెరిచి ఖర్చు 45 శాతం పెంచండి, 2,800 కోట్లు 4,060 అవుతుంది. ప్రయాణికులు సగం చేయండి, 55 కోట్లు 27 అవుతుంది. అప్పుడు కూడా ఈ లైను కట్టాలనిపిస్తే మీ దారిలో బలం ఉంది. అనిపించకపోతే బస్సు లేను అడగండి, అది కూడా గెలుపే.

కట్టని ప్రాజెక్టుల్ని కూడా చదవండి. బెంగళూరుకే 1990లలో ఎలివేటెడ్ లైట్ రైల్ ప్రతిపాదన ఉండేది, అది ముందుకి సాగక చివరికి 2006లో మెట్రోకి ఆమోదం వచ్చింది. కేరళలో తిరువనంతపురం, కోళికోడ్ లైట్ మెట్రోల పరిస్థితీ అంతే, డీపీఆర్‌లు అయ్యాయి, లైన్లు రాలేదు. విశాఖకి కూడా లైట్ మెట్రో, ట్రామ్ అన్న ప్రణాళికలు నడిచాక, 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించినది 46.23 కిలోమీటర్ల మెట్రో మొదటి దశ. వీటిలో దేనికి డబ్బు దగ్గర ఆగింది, దేనికి రోడ్డు దగ్గర ఆగింది అని చూస్తే మీ దారిలో ఏది అడ్డమో ముందే తెలుస్తుంది.

అడుగు 9: ఎవరికి ఇవ్వాలి, ఏం అడగాలి

పాత మద్రాసు రోడ్డు జాతీయ రహదారి, కాబట్టి జాతీయ రహదారుల సంస్థ అనుమతి లేకుండా పట్టా వేయలేరు. కేఆర్ పురం గ్రేటర్ బెంగళూరు పరిధిలో ఉంది, హోస్కోట దాని బయట. ఇలా పరిధులు దాటే రవాణాని కలిపి చూడటానికే బెంగళూరు మహానగర భూ రవాణా ప్రాధికార సంస్థ చట్టం, 2022 వచ్చింది. రాష్ట్ర పట్టణ భూ రవాణా డైరెక్టరేట్ 2007 నుంచి ఉంది, అధ్యయనాలు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటాయి.

పాత అధ్యయనాలు, బస్సు రూట్ల వారీ ప్రయాణికుల సంఖ్య, రోడ్డు ప్లాన్ కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "ఈ రోడ్డు గురించి సమాచారం ఇవ్వండి" అని రాయొద్దు, ఏ రిపోర్టు, ఏ సంవత్సరం, ఏ పట్టిక అని రాయండి.

మీ రిపోర్టు పది పేజీలు దాటనివ్వకండి. మొదటి పేజీలో మ్యాపు, గంటకి ఎంతమంది, నేల మీద ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కూడళ్లు, రెండు ఖర్చు లెక్కలు. లెక్కపెట్టిన కాగితాల ఫోటోలు చివర పెట్టండి. అపార్టుమెంట్ సంఘం ఒక్కటే ఇస్తే "ఫ్లాట్ల వాళ్ల కోరిక" అని పక్కన పెట్టేస్తారు, అందుకని హోస్కోట వ్యాపారులు, ఆటో సంఘం, ఫ్యాక్టరీ కార్మికులు, రోడ్డు పక్క బండ్లవాళ్లు, వీళ్లతో ముందే కూర్చుని మాట్లాడి సంతకాలు తీసుకోండి. బండ్లవాళ్ల చోటు పోతుందా, పోతే ఎక్కడికి అన్నది రిపోర్టులోనే ఉండాలి.

మొదట అడగాల్సింది లైను కాదు. రద్దీ గంటల్లో బస్సు లేను ఏడాది పాటు, ముందూ వెనకా లెక్కలతో. బ్లూ లైను కేఆర్ పురం దగ్గర తెరిచాక జనం నడక మారిపోతుంది కాబట్టి, తెరిచిన మూడు నెలలకి అదే చోట, అదే వేళల్లో, అదే ఐదు మెట్లతో మళ్లీ తలలు లెక్కపెట్టి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి పంపండి.